మొహమాటం తెరిచిన తలుపు



ఈ వేళ రేడియో దగ్గర కూర్చున్న మీలో కొందరు ఇంకొంతసేపటిలో క్యారేజీ సర్దుకొని పనికి బయలుదేరుతారు. కొందరు రాత్రి డ్యూటీ ముగించుకొని ఇప్పుడే ఇల్లు చేరి ఉంటారు. మీరు ఆసుపత్రిలో నర్సు కావచ్చు, బడిలో ఉపాధ్యాయులు కావచ్చు, బ్యాంకులో క్యాషియరు కావచ్చు, రైసుమిల్లులో గుమాస్తా కావచ్చు, హైదరాబాదులో కంప్యూటరు ముందు కూర్చొనే ఉద్యోగి కావచ్చు. మీ అందరినీ ఒక చిన్న ప్రశ్న అడుగుతాను. మీరు పనిచేసే చోటుకు కావలి ఎవరు?

“అదేమి ప్రశ్నండీ, గేటు దగ్గర వాచ్‌మన్ ఉన్నాడు గదా” అంటారు. మంచిది. నేను కూడా ఒకప్పుడు అలాగే అనుకున్నాను. అలా అనుకొని ఏమి చేశానో మొదట చెప్పనివ్వండి.

చాలా సంవత్సరముల క్రితం, ఇంకా పెళ్ళికాని రోజులలో, నేను ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరాను. ఆ ఆఫీసు పేరు, ఆ ఊరి పేరు చెప్పను. గేటు దగ్గర ఒక పెద్దాయన ఉండేవాడు. అందరం ఆయనను తాతా అని పిలిచేవాళ్ళం. వచ్చిన ప్రతివారి ముందుకూ ఒక పొడుగాటి రిజిస్టరు జరిపి, “బాబూ, సంతకం” అనేవాడు. మాకది నామోషీగా ఉండేది. రోజూ చూసే ముఖాలమే గదా, మళ్ళీ సంతకమేమిటి? అందుచేత మేము సైకిల్ స్టాండు వైపున్న పక్క తలుపులోనుంచి వెళ్ళడం అలవాటు చేసుకున్నాం. ఆ తలుపు తాళంచెవులు మాలో కొందరి దగ్గర ఉండేవి. నా దగ్గర ఒకటి ఉండేది.

ఒక రోజు, జీతాల రోజు, భోజనం చేసి వచ్చి పక్క తలుపు తీశాను. నా వెనుకనే ఒకాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలు, జేబులో రెండు పెన్నులు. నన్ను చూసి నవ్వి, “భోజనం అయిందాండీ?” అన్నాడు. “అయిందండీ” అని, ఆయన కోసం తలుపు పట్టుకొని నిలబడ్డాను. ఆయన దర్జాగా లోపలికి నడిచాడు. “ఎవరండీ మీరు? ఎవరి కోసం వచ్చారు?” అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేదు. హెడ్డాఫీసు నుంచి వచ్చిన అధికారేమో, అడిగితే ఏమనుకుంటారో అని ఊరుకున్నాను.

గంట తరువాత క్యాషియరు బల్ల మీద ఉంచిన జీతాల సంచి కనబడలేదు. అవి స్వీపర్లకు, అటెండర్లకు ఇవ్వవలసిన జీతాలు. ఆ నెల వాళ్ళ ఇళ్ళలోకి రావలసిన బియ్యం, పిల్లల ఫీజులు, అప్పుల వడ్డీలు అన్నీ ఆ సంచిలోనే ఉన్నాయి. సాయంత్రానికల్లా తాతను పనిలోనుంచి తీసేశారు. “నా గేటులోనుంచి కొత్తవాళ్ళెవరూ రాలేదు బాబూ” అని ఆయన ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు.

ప్రియ శ్రోతలారా, ఆ దొంగ ఏ తాళమూ పగలగొట్టలేదు. తలుపు నేనే తీసిపెట్టాను. నా దగ్గర తాళంచెవి ఉంది, కళ్ళున్నాయి, అనుమానం కూడా కలిగింది. లేనిదల్లా ఒక్క మాట అడిగే ధైర్యము. మనం మొహమాటం అని ముద్దుగా పిలుచుకొనే ఆ గుణమే లోపలికి దారి ఇచ్చింది. ఈనాడు మీతో చెప్పదలచిన సంగతి ఇదే. మనం పనిచేసే చోటును కాపాడేది చాలాసార్లు ఒక మామూలు ఉద్యోగి అడిగే ఒక మామూలు ప్రశ్న. దాన్ని పాడుచేసేది ఆ ప్రశ్నను మింగేసే మొహమాటం.

ఇక్కడ మీకొక వాచ్‌మన్ కథ చెప్పాలి. 1972వ సంవత్సరం జూన్ 17వ తేదీ, తెల్లవారుజాము. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో వాటర్‌గేట్ అనే భవనాల సముదాయం ఉంది. అక్కడ రాత్రి కాపలా ఉన్న యువకుడి పేరు ఫ్రాంక్ విల్స్. వయస్సు 24 ఏళ్ళు. తనిఖీకి తిరుగుతూ ఉండగా ఒక తలుపు గొళ్ళెం పడకుండా దానికి టేపు అంటించి ఉండడం చూశాడు. పనివాళ్ళు ఎవరో అంటించి మరచిపోయారనుకొని దాన్ని పీకేశాడు. కొంతసేపటికి మళ్ళీ వచ్చి చూస్తే, పీకేసిన చోటనే కొత్త టేపు ఉంది! ఇప్పుడేమి చేయాలి? “నాకెందుకులే, పొద్దున్నే చెబుదాం” అనుకోవచ్చు. అతడు వెంటనే పోలీసులకు ఫోను చేశాడు. లోపల ఒక రాజకీయ పార్టీ కార్యాలయంలో అయిదుగురు మనుష్యులు పట్టుబడ్డారు. ఆ కేసు పాకుతూ పాకుతూ పోయి, 1974 ఆగస్టులో అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ రాజీనామా చేయడంతో ఆగింది. జానెడు టేపు ముక్కను ఒక చిరుద్యోగి చూసీచూడనట్టు పోనివ్వలేదు. అంతే జరిగింది.

“ఆయన వాచ్‌మన్ గనుక అది ఆయన పని” అంటారేమో. నెహెమ్యా యెరూషలేము గోడ కట్టించిన వృత్తాంతము మీకు తెలిసినదే. 52 దినములలో పని ముగిసింది. ఆ గోడను జీతానికి వచ్చిన తాపీవాళ్ళు మాత్రమే కట్టారా? కంసాలులు ఉన్నారు, వర్తకులు ఉన్నారు, ఒకాయన కుమార్తెలు కూడా ఉన్నారు. చాలామంది తమ తమ ఇంటికి ఎదురుగా ఉన్న భాగాన్ని బాగుచేశారు. గోడ పూర్తయిన తరువాత కాపలా కూడా అలాగే పంచారు. ఎవరి ఇంటి ఎదుట వారు. ఎందుకని? తన గుమ్మం ఎదుట తేడా వస్తే మొదట తెలిసేది ఆ ఇంటివానికే. మీ బల్ల, మీ బీరువా, మీ కంప్యూటరు, మీ వార్డు, మీ తరగతి గది, ఇవి మీ ఇంటి ఎదుటి గోడ. అక్కడ ఏది ఎప్పుడూ ఎలా ఉంటుందో మీకు తెలిసినంతగా ఏ వాచ్‌మన్‌కూ తెలియదు, ఏ కెమెరాకూ తెలియదు.

ఈ రోజులలో తలుపులు గోడలకు మాత్రమే లేవు, కంప్యూటర్లలోనూ ఉన్నాయి. మన పొరుగు దేశం బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకులో ఏమి జరిగిందో వినండి. 2015 జనవరిలో ఆ బ్యాంకు ఉద్యోగులకు కొన్ని ఈమెయిళ్ళు వచ్చాయి. ఉద్యోగం కావాలని ఎవరో మర్యాదగా రాసిన ఉత్తరాలు. నా వివరాలు ఇక్కడ ఉన్నాయి, చూడండి అని ఒక లింకు. పాపం, నిరుద్యోగి ఎవరో అనుకొని తెరిచారు. దానిలోనుంచి దొంగ ప్రోగ్రాము లోపలికి పాకింది. సంవత్సరం పాటు చడీచప్పుడు లేకుండా కూర్చుంది. 2016 ఫిబ్రవరి 4వ తేదీ గురువారం రాత్రి, బ్యాంకు మూసిన తరువాత, న్యూయార్కులో ఉన్న ఆ దేశపు సొమ్మును పంపమని 35 ఆదేశాలు వెళ్ళాయి. మొత్తం కలిపితే దాదాపు 95 కోట్ల డాలర్లు.

మరునాడు శుక్రవారం, అక్కడ వారాంతపు సెలవు. డ్యూటీలో ఉన్నవారు వచ్చి చూస్తే, అలాంటి ఆదేశాలను ఎప్పటికప్పుడు అచ్చువేసే ప్రింటరు ఆగిపోయి ఉంది. “ఇది మామూలే, ఇంతకుముందు కూడా ఇలా ఆగింది” అనుకున్నారు. ప్రింటరు ఆగింది దొంగల చేతనే అని వారికి తెలియదు. అది ఆ రోజు వాళ్ళ తలుపు మీద టేపు ముక్క.

ఇంకొక వైపు చూడండి. ఆ ఆదేశాలలో ఒకటి శ్రీలంకలోని ఒక సంస్థకు 2 కోట్ల డాలర్లు పంపమని. మధ్యలో ఉన్న డాయిచ్ బ్యాంకు వాళ్ళు దానిలో ‘ఫౌండేషన్’ అనే మాటకు స్పెల్లింగు తప్పుగా ఉండడం గమనించారు. ఒక్క మాటలో తప్పు. చిన్న పొరపాటేలే అని పంపేయవచ్చు. వారు ఆపి, ఇది మీరు పంపినదేనా అని అడిగారు. ఆ సొమ్ము దక్కింది. మిగిలిన ఆదేశాలలో చాలావాటిని న్యూయార్కులోనే అనుమానం వచ్చి నిలిపివేశారు. అయినప్పటికీ 8 కోట్ల 10 లక్షల డాలర్లు ఫిలిప్పీన్స్‌లోని ఖాతాలకు చేరి, అక్కడి జూదశాలలలో కలిసిపోయాయి. ఇటు ఒక ప్రింటరు, అటు ఒక స్పెల్లింగు. రెండూ చిన్నవే. ఒకచోట ఇది మామూలే అనుకున్నారు, ఇంకొకచోట ఇదేమిటని అడిగారు.

దూరదేశపు సంగతి అనుకోకండి. 2022 జనవరిలో మన హైదరాబాదులోని ఒక సహకార బ్యాంకులో 12 కోట్ల రూపాయలకు పైగా దొంగల ఖాతాలకు వెళ్ళిపోయాయి. ఉద్యోగులకు వచ్చిన మోసపు ఈమెయిళ్ళను తెరవడంతోనే దొంగలు లోపలికి వచ్చారని పోలీసులు తేల్చారు.

అయితే మనమేమి చేయాలి? నాలుగు సంగతులు చెబుతాను. పెద్ద చదువు అక్కర లేదు.

మొదటిది, తలుపు. కార్డు గీకి లోపలికి వెళ్ళే చోట గాని, తాళంచెవితో తెరిచే చోట గాని, మీ వెనుక ఎవరినీ మీతోపాటు రానివ్వకండి. తెలియనివారు కనబడితే కోపంగా కాదు, మర్యాదగా అడగండి. “నమస్కారమండీ, ఎవరిని కలవాలి? రండి, నేను తీసుకువెళతాను.” ఇంతే. నిజంగా పని మీద వచ్చినవాడు సంతోషిస్తాడు. దొంగ అయితే తడబడతాడు. ఏసీ బాగుచేయడానికి వచ్చామని, ఇంటర్నెట్ లైను చూడాలని సంచితో వచ్చినవారిని, పిలిచినదెవరో కనుక్కొనేవరకు బయటనే కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వండి. అందులో అమర్యాద ఏమీ లేదు.

రెండవది, పాస్‌వర్డు. “ఒక్కసారి నీ పాస్‌వర్డు చెప్పమ్మా, సర్ అర్జెంటుగా రిపోర్టు అడుగుతున్నారు” అని పక్క సీటువారు అడుగుతారు. కాదంటే ముఖం మాడ్చుకుంటారని చెప్పేస్తాం. రేపు ఆ పేరుతో ఏ తప్పు జరిగినా కంప్యూటరులో పడేది మీ పేరే. “అన్నా, పని నేనే వచ్చి చేసిపెడతాను, పాస్‌వర్డు మాత్రం అడగొద్దు” అనండి. ఫోనుకు వచ్చే ఓటీపీ ఎవరికీ చదివి వినిపించకండి. టీకి లేచినప్పుడు కంప్యూటరుకు తాళం వేయండి. విండోస్ ఉన్న కంప్యూటరులో ఆ గుర్తున్న మీటనూ ఎల్ అక్షరాన్నీ కలిపి నొక్కితే చాలు, ఒక్క క్షణం పని. దారిలో దొరికిన పెన్‌డ్రైవ్‌ను ఆఫీసు కంప్యూటరుకు పెట్టకండి. అమెరికాలో ఇలినాయ్ విశ్వవిద్యాలయం ఆవరణలో పరిశోధకులు కావాలనే దాదాపు 300 పెన్‌డ్రైవ్‌లను అక్కడక్కడ పడవేశారు. దాదాపు సగం పెన్‌డ్రైవ్‌లలోని ఫైళ్ళను ఎవరో ఒకరు తెరిచి చూశారు. చాలామంది, ఎవరిదో తెలుసుకొని తిరిగి ఇచ్చేద్దామని పెట్టినవారే. మంచితనాన్ని కూడా దొంగలు వాడుకుంటారు సుమండీ.

మూడవది, తొందర. మోసపు ఉత్తరానికి, మోసపు ఫోనుకు ఒక గుర్తు ఉంది. అది మిమ్మల్ని ఆలోచించనివ్వదు. “నేను మీటింగులో ఉన్నాను, ఎవరికీ చెప్పకుండా ఈ ఖాతాకు వెంటనే డబ్బు పంపు” అని మీ మేనేజరు ఫొటోతో వాట్సప్‌లో మెసేజ్ వస్తుంది. పెద్దవారిని తిరిగి అడగడమేమిటని మనకు సంకోచం. ఇప్పుడు ముఖాలను, గొంతులను కూడా కంప్యూటరుతో అనుకరిస్తున్నారు. 2024లో హాంకాంగులో ఒక కంపెనీ ఉద్యోగికి రహస్యంగా డబ్బు పంపమని మెయిలు వచ్చింది. ఆయనకు అనుమానం కలిగింది. అయితే వీడియో కాల్‌లో తన పైఅధికారి, తోటివారు కనబడి మాట్లాడేసరికి ఆ అనుమానాన్ని అణచుకొని, 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు పంపేశాడు. ఆ కాల్‌లో కనబడిన ముఖాలన్నీ కల్పించినవే! గనుక ఏ దారిలో ఆజ్ఞ వచ్చిందో ఆ దారిలోనే సరిచూసుకోకండి. మీ దగ్గర ముందునుంచి ఉన్న నంబరుకు మీరే ఫోను చేయండి. వీలైతే లేచి వెళ్ళి అడగండి. “అయ్యా, ఇది మీరు పంపినదేనా?” అని అడిగినందుకు కోప్పడే అధికారి ఉన్నాడనుకోండి, ఆ కోపం ఒక పూట ఉంటుంది. పోయిన సొమ్ము తిరిగి రాదు.

నాల్గవది, అన్నిటికంటె కష్టమైనది. తప్పు మీవల్లనే జరిగితే వెంటనే చెప్పండి. తెరవకూడని లింకు తెరిచారా? తాళంచెవి పోగొట్టుకున్నారా? ఐడీ కార్డు బస్సులో పడిపోయిందా? సాయంత్రం దాకా చూద్దాం, ఎవరికీ తెలియకుండా సరిచేద్దాం అనుకోకండి. ఆ గంటలే దొంగకు కావలసినవి. డబ్బు పోయిన సంగతి అయితే మన దేశంలో 1930 అనే నంబరుకు ఫోను చేయవచ్చు. ఎంత త్వరగా చెబితే, ఆ సొమ్మును దారిలోనే ఆపడానికి అంత అవకాశం ఉంటుంది.

ఈ మాటలు వింటున్నవారిలో అధికారులు, యజమానులు కూడా ఉన్నారు. అయ్యా, మీకొక మనవి. వచ్చి తప్పు ఒప్పుకున్నవాడిని పదిమందిలో తిట్టకండి. ఒక్కడిని తిడితే మిగిలిన తొంభైతొమ్మిది మంది దాచిపెట్టడం నేర్చుకుంటారు. సెక్యూరిటీ గార్డు మిమ్మల్ని ఆపి కార్డు అడిగితే, “నేనెవరో తెలియదా?” అనకండి. చూపించి, మంచిపని చేశావు అనండి. ఆ ఒక్క మాటతో ఆయనకు రేపు ఇంకొకరిని ఆపే ధైర్యం వస్తుంది.

ఇంకొక జాగ్రత్త కూడా చెప్పాలి. అప్రమత్తంగా ఉండడం వేరు, మనిషిని తక్కువగా చూడడం వేరు. మన దగ్గర ఏ వస్తువు పోయినా మొదట ఎవరి సంచి వెదుకుతాం? ఊడ్చే అమ్మాయి సంచి. ఎవరిని నిలదీస్తాం? చిరిగిన చొక్కా వాడిని. నా వెనుక వచ్చినవాడు ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు, అందుకే నేను అడగలేదు. చిరిగిన చొక్కాతో వచ్చి ఉంటే తప్పక అడిగేవాడిని. అది నా కావలితనము కాదు, నా దురభిప్రాయము. అడిగితే అందరినీ ఒకేలా అడగండి. రిజిస్టరు ఉన్నది అందుకే. దానిలో అధికారి సంతకమూ, కూలివాని వేలిముద్రా ఒకే గీత మీద పడతాయి.

తాత సంగతి ఏమైందని మీరు అడుగుతారు. రెండు రాత్రులు నాకు నిద్ర పట్టలేదు. అన్నం సహించలేదు. మూడవ రోజు ఉదయం అధికారి గదిలోకి వెళ్ళి, పక్క తలుపు తీసింది నేనేనని చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత నా తాళంచెవి తీసుకొని సొరుగులో పెట్టుకున్నారు. కొన్ని నెలలపాటు నా జీతంలో కోత పడింది, న్యాయమే. అప్పటికే తాత సొంత ఊరికి వెళ్ళిపోయాడు. మనిషిని పంపి పిలిపించారు. ఆయన మళ్ళీ వచ్చి గేటు దగ్గర కూర్చొనేసరికి పది రోజులు గడిచాయి. ఆ పది రోజుల కూలి ఆయనకు ఎవరూ ఇవ్వలేదు. పదిమందిలో పోయిన పరువుకు ఖరీదు కట్టడం ఎవరి చేతనవుతుంది?

ఆ రోజు నేను సైకిల్ స్టాండు వైపు వెళ్ళలేదు. గేటు దగ్గర దిగి, ఏమి చెప్పాలో తెలియక తల వంచుకొని నిలబడ్డాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. రిజిస్టరు నా ముందుకు జరిపి, ఎప్పటిలాగే “బాబూ, సంతకం” అన్నాడు. పెట్టాను. ఆ ఆఫీసులో ఉన్నంత కాలం ప్రతి ఉదయం పెట్టాను.

ప్రియ సహోదరీ, సహోదరుడా, ఇంకొంతసేపటిలో మీరు మీ పనిచోట గుమ్మం దగ్గర ఉంటారు. ఎప్పుడూ లేనిది ఏదైనా అక్కడ కనబడవచ్చు. తెరిచి ఉన్న బీరువా, తెలియని ముఖం, తేడాగా ఉన్న ఒక ఉత్తరం. మీ నాలుక చివరికి వచ్చిన ప్రశ్నను మింగేయకండి. మర్యాదగా, మెల్లగా, అయినా అడగండి. మీ తోటివారి కూడు, వారి పరువు ఆ ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉండవచ్చు.

వచ్చే వారం ఇదే సమయానికి మళ్ళీ కలుసుకుందాం. అంతవరకు సెలవు.